తప్పు ‘జ్ఞా’ది కాదు

2018 ఫిబ్రవరిలో మన అక్షరం ఒకటి ప్రపంచ వార్తలకెక్కింది. గౌరవంతో కాదు, నిందతో. ‘జ్ఞా’ అన్న అక్షరం సందేశంగా వస్తే చాలు, ఐఫోను కుప్పకూలుతుందని పత్రికలు రాశాయి. ‘తెలుగు బగ్’ అని పేరు కూడా పెట్టాయి. బెంగళూరులో నాతో పనిచేసేవారు “మీ భాష ఫోన్లకే ప్రమాదమట” అని నవ్వారు. ఆ నవ్వినవారిలో తెలుగువారూ ఉన్నారు. నన్ను బాధించినది అదే.

అసలు జరిగినదేమిటి? మనం మామూలుగా రాసే ‘జ్ఞానం’ వల్ల ఏ ఫోనూ ఆగలేదు. జ, దాని కింద పొల్లు, ఞ, ఆ తరువాత కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం: ఈ వరుసను తెరమీద అక్షరంగా కూర్చలేక ఆపిల్ సాఫ్ట్‌వేరు చతికిలబడింది. దేవనాగరి, బెంగాలీ లిపుల్లోని కొన్ని కూర్పుల దగ్గరా అదే జరిగింది. కాబట్టి దోషం కూర్చే పనిముట్టుది, అక్షరానిది కాదు. ఆ నెల 19న ఆ సంస్థ 11.2.6 అనే సవరణను విడుదల చేసింది. దానిని ఎక్కించుకున్న ఫోన్లు బాగుపడ్డాయి. మరో రెండు రోజులకే అంతర్జాతీయ మాతృభాషా దినం వచ్చి వెళ్లింది. నింద మాత్రం మన భాషకే అంటుకుని మిగిలింది.

ఈ పాత సంగతిని ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, దానినుంచి మనవారు తలకిందుల పాఠం నేర్చుకున్నారు. “తెలుగు పెడితే ఫోను చెడిపోతుంది, ఇంగ్లీషులోనే ఉండనీ” అన్న మాటను హొసూరు వైపు ఇళ్లలో ఇప్పటికీ వింటున్నాను. నేర్వవలసిన పాఠం వేరు. సాఫ్ట్‌వేరులో తప్పుంటే దానికి మందు సవరణ. భాషను వదులుకోవడం మందు కాదు.

నేనూ ఆ తప్పు చేసినవాడినే. పల్లెలో ఉన్న మా చిన్నాయనకు ఫోను కొని, ఇంగ్లీషులో అమర్చి ఇచ్చాను. ‘అప్‌డేట్’ అన్న సూచన వచ్చినప్పుడల్లా అదేమిటో తెలియక ఆయన పక్కకు తోసేసేవారు. ఒకనాడు బ్యాంకు పేరుతో వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు వచ్చింది. వెంటనే ఎవరో ఫోన్ చేసి, “అయ్యా, దీన్ని నొక్కకపోతే మీ ఖాతా ఆగిపోతుంది” అని చక్కని తెలుగులో చెప్పాడు. తెలియనిచోటునుంచి వచ్చిన యాప్ ప్రమాదకరమని ఫోను హెచ్చరించకపోలేదు, ఇంగ్లీషులో హెచ్చరించింది. మోసగాడు తెలుగులో మాట్లాడాడు, కాపాడవలసిన ఫోను పరాయి భాషలో మాట్లాడింది. ఆయన ఎవరిని నమ్ముతారు? కూరగాయలమ్మిన డబ్బు పోయింది. అందులో నా పాలు నేరం ఉంది.

తెలుగు మెనూలు లేవని సాకు చెప్పడానికి వీల్లేదు. ఆండ్రాయిడ్‌లో 2014లో వచ్చిన 5.0 నుంచే తెలుగు ఉంది. ఐఫోను మెనూలలోకి తెలుగు రావడానికి మాత్రం 2025లో 18.4 దాకా ఆగవలసి వచ్చింది. ‘జ్ఞా’ను వార్తలకెక్కించిన తరువాత మరో ఏడేళ్లు! అడగనివారికి ఆలస్యంగానే అందుతుంది.

ఇక ప్రభుత్వం సంగతి. 2016 నాటి ప్రమాణం ప్రకారం ఇక్కడ అమ్మే ఫోన్లలో 22 భారతీయ భాషలనూ చదవగలగాలి. చదవగలిగే ఏర్పాటు ఉన్నంత మాత్రాన చాలదు, హెచ్చరికను తెలుగులో రాసి పంపేవారు ఉండాలి. సరిహద్దు జిల్లాల బ్యాంకులు ఆ పని చేయాలి. కన్నడంతో, తమిళంతో మనకు వైరం లేదు. వాటి పక్కన మన నుడికీ చోటివ్వమంటున్నాం.

అడిగేలోగా మన ఇంటి పని మనం చేసుకుందాం. పండుగకు ఊరికి వెళ్లినప్పుడు పెద్దల ఫోన్లను తెలుగులోకి మార్చండి. సెట్టింగులలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఎక్కడ ఉంటుందో వారి చేతనే నొక్కించి చూపండి. అసలైన సిస్టమ్ సవరణ అక్కడినుంచే వస్తుందనీ, వాట్సాప్ లింకుగా రాదనీ చెప్పండి. కొత్త ఫోను కొనేముందు భద్రతా సవరణలు ఎన్నేళ్లు ఇస్తారో అడగండి. గూగుల్ 2023లో, శాంసంగ్ 2024లో తమ ఖరీదైన ఫోన్లకు 7 ఏళ్లు ప్రకటించాయి. చవక ఫోన్లకు అంత ఆయువు ఉండదు, మన పల్లెల్లో ఉన్నవేమో అవే. మోసం జరిగితే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. అక్కడ తెలుగులో చెప్పుకునే హక్కునూ అడగాలి.

హొసూరు రోడ్డు మీది ఎలక్ట్రానిక్ సిటీలో లోకానికంతా సాఫ్ట్‌వేరు రాస్తున్నవారిలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. అదే రోడ్డు పట్టుకుని వెళితే వచ్చే పల్లెలో, వాళ్ల అవ్వ చేతిలోని ఫోను ఆమెతో ఏ భాషలో మాట్లాడుతోంది? ఆ ప్రశ్నకు ముందు మనం జవాబు చెప్పాలి. కంపెనీలను నిలదీసే అర్హత ఆ తరువాతే మనకు వస్తుంది.