అప్పు మీద పరిచిన తివాచీ

గుంటూరు బ్రాడీపేటలో ఫర్నిచర్ కొట్టు నడిపేవాడికి పంచాంగమూ తెలియాలి, మిర్చి యార్డు ధరా తెలియాలి. ముహూర్తాలుంటే పెళ్ళిళ్ళు, పెళ్ళికి సారె, సారెలో మంచం, పరుపు, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్. మూఢం వచ్చినా, శూన్యమాసం పట్టినా ఈగలు తోలుకోవాల్సిందే. మిర్చి క్వింటాలు ఇరవై వేలు దాటిన ఏడాది టేకు మంచం బేరమాడిన రైతే, ధర పడిపోయి 2025 ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయల మార్కెట్ జోక్యపు ధర ప్రకటించాల్సి వచ్చిన ఏడాది, పాత మంచానికి పాలిష్ పెట్టించుకుని ఊరుకుంటాడు.

ఫర్నిచర్ గొలుసు దుకాణాలు ఎక్కడ కూలినా ‘ఆన్‌లైన్ ముంచేసింది’ అనే మాట ముందు వినిపిస్తుంది. అందులో నిజం కొంతే. చీరలు ఏటా కొంటారు, బియ్యం నెలనెలా కొంటారు. సోఫా ఒకసారి కొంటే పదేళ్ళ దాకా కొట్టు ముఖం చూడరు. పైగా అది పట్టే చోటు! ఒక్క సోఫా సెట్టు పరిచిన జాగాలో బట్టల కొట్టతను వందల చీరలు పేరుస్తాడు. సరుకు మెల్లగా కదులుతుంది, అద్దె మాత్రం ఒకటో తేదీకి వచ్చి కూర్చుంటుంది. ఇలాంటి వ్యాపారాన్ని వడ్డీ డబ్బుతో పరుగెత్తించడమే అసలు తప్పు.

ఈ తప్పు చేయడంలో లండన్ మనకంటే ముందుంది. 1957లో తండ్రి పోయాక పదిహేనేళ్ళ ఫిలిప్ హారిస్ చేతికి మూడు తివాచీ కొట్లు వచ్చాయి. ఆయన వాటిని పెంచి, 1977లో క్వీన్స్‌వే అనే సంస్థను కొని కలుపుకుని, హారిస్ క్వీన్స్‌వేను బ్రిటన్‌లో తివాచీలకూ ఫర్నిచర్‌కూ పెద్ద పేరుగా నిలబెట్టారు. 1988లో జేమ్స్ గలివర్ బృందం 45 కోట్ల పౌండ్లకు దాన్ని కొని లౌండ్స్ క్వీన్స్‌వే అని పేరు మార్చింది. కొన్నది ఎక్కువగా అప్పు తెచ్చి. ఆ అప్పు తీర్చాల్సిన భారం కొట్ల మీదే పడింది. మరుసటి ఏడాది అక్టోబరుకు అక్కడి బ్యాంకు వడ్డీ 15 శాతానికి చేరింది, ఇళ్ళ అమ్మకాలు పడిపోయాయి. బ్రిటన్‌లో జనం తివాచీ మార్చేది ఎక్కువగా ఇల్లు మారినప్పుడే. 1990 ఆగస్టుకు లౌండ్స్ క్వీన్స్‌వే కథ ముగిసింది.

హారిస్ మాత్రం అమ్మిన ఏడాదే కార్పెట్‌రైట్ పెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఆయన 2014లో తప్పుకున్నారు, 2024 జూలైలో అదీ కూలింది. 54 దుకాణాలను ట్యాపీ అనే సంస్థ కొనుక్కుంది, రెండు వందలకు పైగా మూతపడ్డాయి, వెయ్యి మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఆ ట్యాపీని 2015లో పెట్టింది హారిస్ కొడుకు! నాన్న కట్టిన కోటలో మిగిలిన గదులను కొడుకు కొన్నాడన్నమాట.

మన దగ్గర ఈ కథకు సాటి కిశోర్ బియానీది. 2001లో ఆయన పెట్టిన బిగ్ బజార్ తొలి దుకాణాలు తెరుచుకున్న మూడు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. 2007లో ఆయన ఫ్యూచర్ గ్రూప్ హోమ్‌టౌన్ తెచ్చింది. టైల్స్, కుళాయిలు, పరదాలు, సోఫాలు, ఆఖరికి ఇంటీరియర్ పని చేసిపెట్టే మనుషులు కూడా ఒకే కప్పు కింద. ఆలోచన మంచిదే. పునాదుల నుంచి గృహప్రవేశం దాకా మనవాళ్ళు యాభై కొట్లు తిరిగే అవస్థకు అది మందే. కానీ ఆ కప్పుకు కావలసిన విశాలమైన అద్దె స్థలమూ, సరుకు నిల్వా గ్రూపు అప్పు మీదే నిలబడ్డాయి. అప్పు బరువు తగ్గించుకోవడానికి 2012లో పాంటలూన్స్‌ను ఆదిత్య బిర్లా గ్రూపుకు ఇచ్చేయాల్సి వచ్చింది. అయినా దూకుడు తగ్గలేదు. 2016లో ఆన్‌లైన్ ఫర్నిచర్ సంస్థ ఫ్యాబ్‌ఫర్నిష్‌ను కొన్నారు. మరుసటి ఏడాది హోమ్‌టౌన్‌నూ దాన్నీ విడదీసి ప్రాక్సిస్ హోమ్ రిటైల్ కింద పెట్టారు.

2020 లాక్‌డౌన్ తలుపులు మూయించింది. ఆ ఆగస్టులో గ్రూపు దుకాణాల వ్యాపారాన్ని రిలయన్స్‌కు అమ్మే 24,713 కోట్ల ఒప్పందం కుదిరింది. ఏడాది ముందు గ్రూపులో పెట్టుబడి పెట్టిన అమెజాన్ అడ్డుపడింది. సింగపూర్ మధ్యవర్తిత్వం నుంచి సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యాలు సాగుతుండగా ఫ్యూచర్ అద్దెలు కట్టలేకపోయింది. చాలా భవనాల లీజులు రిలయన్స్ తన పేరిట రాయించుకుని, 2022 ఫిబ్రవరిలో దుకాణాలను స్వాధీనం చేసుకోసాగింది. కోర్టులో ఎవరు గెలిచారన్నది ఇక్కడికొచ్చేసరికి అప్రస్తుతం, తాళంచెవి చేతులు మారిపోయింది. బ్యాంక్ ఆఫ్ ఇండియా పిటిషన్ మీద 2022 జూలైలో ఫ్యూచర్ రిటైల్ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది, 2024 జూలైలో లిక్విడేషన్‌కు ఆదేశం వచ్చింది. విడిపోయిన హోమ్‌టౌన్ ఆ మంటల్లో కాలిపోలేదు గానీ నష్టాలతో చిక్కిపోయింది.

ఆన్‌లైన్ వాళ్ళైనా బాగుపడ్డారా? 2012లో బెంగళూరులో పుట్టి ఇంటింటా వినిపించిన అర్బన్ ల్యాడర్‌లో 96 శాతం వాటాను 2020 నవంబరులో రిలయన్స్ కొన్నది 182 కోట్లకు. ముంచేసిందంటున్న ఆన్‌లైనే అలా మునిగింది. ఐకియా సంగతి వేరు. అది 2018 ఆగస్టు 9న హైదరాబాద్ హైటెక్ సిటీలో నాలుగు లక్షల చదరపుటడుగుల దుకాణం తెరిచింది. ఏళ్ళ తరబడి లాభం కోసం ఆగగల సొంత డబ్బు దానికి ఉంది, అందరికీ ఉండదు.

మళ్ళీ బ్రాడీపేటకు వద్దాం. 4/1 అంటే నాలుగో లైను, ఒకటో అడ్డరోడ్డు అని చెప్పుకునే ఈ పేటలో ఆసుపత్రులూ కోచింగ్ సెంటర్లూ అద్దెలు పెంచేశాయి. శంకర్‌విలాస్ వంతెన పనుల బాధ సరేసరి. అయినా పాత ఫర్నిచర్ కొట్టు ఎలా నిలబడుతుంది? చాలాచోట్ల భవనం సొంతం. మంచం చేసేది నాలుగు వీధుల అవతలి వడ్రంగి, ఆర్డరు వచ్చాకే కలప అడితికి కబురు. గిరాకీ లేని నెలలో ఖర్చూ తగ్గుతుంది. తెలిసిన ఇంటికి పంట చేతికొచ్చేదాకా అరువు కూడా ఉంటుంది. పార్టికల్ బోర్డు మంచాన్ని రెండు అద్దె ఇళ్ళు మారిస్తే స్క్రూ పట్టదు, రంధ్రంలోంచి పొట్టు రాలుతుంది. ఆ ఇంటివాళ్ళు మూడోసారి వడ్రంగి దగ్గరికే వస్తారు.

అలాగని చిన్న కొట్టుకు హారతి పట్టనక్కర్లేదు. టేకు అని చెప్పి వేరే కర్రకు రంగు కొట్టి అంటగట్టేవాళ్ళున్నారు, బిల్లు అడిగితే ముఖం చిట్లించేవాళ్ళున్నారు. రాతపూర్వకమైన వారంటీ, అచ్చువేసిన ధర గొలుసు దుకాణాలు నేర్పిన మంచి అలవాట్లు. అవి పోతే నష్టపోయేది కొనేవాళ్ళే.

గొలుసు తెగినప్పుడు అందరికంటే అడుగున ఉండేదీ కొనేవాళ్ళే. కార్పెట్‌రైట్ మూతపడినప్పుడు డబ్బు కట్టి తివాచీ అందనివాళ్ళు బ్యాంకు కార్డుల ద్వారా వాపసు కోసం తిరగాల్సి వచ్చింది. మన దివాలా చట్టంలో 2018 సవరణతో ఫ్లాట్ కొన్నవారికి ఆర్థిక రుణదాతల హోదా దక్కింది. సోఫాకు అడ్వాన్సు ఇచ్చినవారికి అలాంటిదేమీ లేదు. తాకట్టు పెట్టించుకున్న బ్యాంకులూ, సిబ్బంది బకాయిలూ తీరాకే వాళ్ళ వంతు, అప్పటికి గల్లాలో ఏమీ మిగలదు. అడ్వాన్సు సొమ్మును సరుకు ఇల్లు చేరేదాకా విడి ఖాతాలో ఉంచాలని పెద్ద సంస్థలకు నిబంధన పెట్టడం కేంద్రానికి కష్టమేమీ కాదు. ఆ పని జరిగేదాకా, ఈ మాఘంలో సారె కొనబోయేవారు పదో వంతుకు మించి ముందు ఇవ్వకండి. ఇచ్చినదానికి బిల్లు రాయించుకోండి.