సాయం వీసా వచ్చిన నాడే అందాలి

తాండూరు నాపరాయి గనుల్లో కూలి గిట్టని కుర్రవాళ్లు, వికారాబాద్ పల్లెల్లో కంది పంట చేతికి రాని కుటుంబాల వాళ్లు గల్ఫ్ దారి పట్టడం మనకు కొత్త కాదు. ధనిక దేశాల సాయంతోనే పేద దేశాలు బతుకుతున్నాయన్న అభిప్రాయం ఒకటుంది. లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. 2023లో ధనిక దేశాలు ఇచ్చిన అభివృద్ధి సాయం సుమారు 22,300 కోట్ల డాలర్లు. అదే ఏడాది పేద, మధ్యాదాయ దేశాలకు వలస కార్మికులు పంపిన సొమ్ము ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం సుమారు 65,600 కోట్ల డాలర్లు, అంటే దాదాపు మూడు రెట్లు. ఇంత సొమ్ము పంపే మనిషి బయలుదేరే వేళ అతని పక్కన ఎవరున్నారు?

ఇటీవల తాండూరుకు చెందిన ఒక తల్లి తన కుమారుని వీసా చదివి చెప్పమని నా వద్దకు వచ్చింది. డ్రైవర్ ఉద్యోగమని ఏజెంటు నమ్మబలికాడట. నగలు కుదువపెట్టి డబ్బు కట్టారు. కాగితం మీద అరబ్బీలో 'జియారహ్' అని ఉంది. సందర్శన అని దాని అర్థం. మన ఇళ్లలో జియారత్ అంటే మరణించిన మూడో నాటి ఫాతిహా. ఆ మాట వినగానే ఆమె ముఖం పాలిపోయింది. కుర్రవాడు విమానం ఎక్కలేదు గనుక ప్రమాదం తప్పింది. నగలు మాత్రం నేటికీ విడిపించలేదు.

1983 నాటి వలసల చట్టం ప్రకారం, పదో తరగతి పాసు కాని వారు గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఆ అనుమతితో పాటు 10 లక్షల రూపాయల ప్రమాద బీమా వస్తుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. రిజిస్టరైన ఏజెంటు పన్ను కాక 30 వేలకు మించి తీసుకోరాదు. సందర్శన వీసాపై వెళ్లి పనిలో చేరినవాడికి ఈ రక్షణ ఏదీ ఉండదు.

గల్ఫ్‌లో మరణించిన వారి కుటుంబాలకు 5 లక్షల సాయం ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. హర్షణీయమే. శవపేటిక ఊరికి చేరితే మన మస్జిదుల్లోనూ చందాలు పోగవుతాయి. అదీ మంచిదే. కాని చావు తర్వాత చూపే దయలో సగమైనా ప్రయాణానికి ముందు చూపితే ఎన్నో ఇళ్లు నిలబడతాయి.

ఇందుకు పెద్ద సంస్థలు అవసరం లేదు. జుమా నమాజు తర్వాత ఉర్దూ, అరబ్బీ, ఇంగ్లీషు చదవగల నలుగురు ఒక అరగంట కూర్చుంటే చాలు. వీసా ఏ రకమో, జీతం ఎంతో, ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసి చెప్పవచ్చు. ఒప్పంద పత్రం నకలు ఇంట్లో ఉంచుకోమనవచ్చు. అప్పు చేసేటప్పుడు రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తోంది (అల్ బఖరా: 282). నోటిమాట మీద ఇల్లు తాకట్టు పెట్టడం తవక్కుల్ అనిపించుకోదు.

సోదరులారా! మీ వీధిలో ఎవరి చేతికైనా వీసా వచ్చిందని తెలిస్తే, ముబారక్ చెప్పడంతో సరిపెట్టకండి. ఆ కాగితం ఒకసారి చూపించమని అడగండి.