కమాన్ పట్టీ కొత్తది, బోల్టు పాతదా?

అన్నలారా, లోడుకు బండి వెనక కుంగుతుందని కమాన్లకు ఇంకో పట్టీ వేయించి ఎత్తు పెంచుతున్నం కదా. పట్టీకి వేలు ఖర్చు చేస్తం, యూ బోల్టుల కాడికొచ్చేసరికి "పాతవే బిగించు" అంటం. నేనూ అట్లనే అన్న. మెకానిక్‌ను అనేదేం లేదు. నెల తిరగకముందే వడ్ల లోడుతో పోతుంటే వెనక ఇరుసు పక్కకు జరిగింది. కాలువల పడకుండ ఆగినం.

ఇరుసును కమాన్లకు పట్టి ఉంచేది ఆ యూ బోల్టులే. పట్టీ కలిపితే కట్ట మందం పెరుగుతది, పాత బోల్టు పొడుగు చాలదు, నట్టుకు మరలు నిండుగా అందవు. పైగా ఒకసారి గట్టిగా బిగించిన బోల్టు సాగి ఉంటది, మళ్లీ అంత పట్టు ఇయ్యదు.

సికింద్రాబాద్ రాణిగంజ్ పోతే ఏ సైజైనా దొరుకుతది. ఊరికే "బోల్టు ఇయ్యి" అనకండి. మామూలు బోల్టుకు తల మీద 8.8 అంకె చూడండి. 4.6 దానికంటే రెండింతలు తట్టుకుంటది, చూపుకు మాత్రం రెండూ ఒక్కతీరే. యూ బోల్టుకు తల ఉండదు, బండి మోడలు, కట్ట మందం కొలిచి చెప్పి తీసుకోవాలె. (పట్టీ పెరిగినా ఆర్‌సీల రాసిన బరువు పెరగదు, అది గుర్తుంచుకోండి.)

మొదటి లోడు దించినంక షెడ్డుకు పోయి నట్లన్నీ టార్క్ రెంచితో మళ్లీ బిగించుకోండి.