పరిమితి కలదు, పూచీ లేదు

ఈ మధ్య నొక సాయంకాలము బోరబండలో మట్టినేలపై బంతి తన్నుకొనుచున్న బాలురలో నొకడు వెలిసిపోయిన పసుపుపచ్చ చొక్కా తొడిగికొని యుండుట చూచితిమి. వీపుమీది పేరు సగము ఊడిపోయినది. ఈ జట్టిప్పు డెక్కడ నున్నదని అడిగితిమి. "ఢిల్లీ పోయింది సార్" అని వాడు బంతి వెంట పరుగెత్తెను.

వాడు చెప్పినది నిజము. 2019లో పూనా సంఘము మూతపడగా దాని స్థానమున హైదరాబాదు ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగులో ప్రవేశించి, గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాప్రాంగణమును తన యిల్లు చేసికొన్నది. మొదటి యేట అన్ని జట్లకన్న అడుగున నిలిచినది. 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్సు నెదిరించి, ఆట 1-1గా ముగియగా పెనాల్టీలలో 3-1తో గెలిచి విజేతయైనది. నాడు గోలు వాకిట నిలిచిన కట్టిమణి మూడు పెనాల్టీల నాపిన సంగతి మన పిల్లలు నేటికిని కథగా చెప్పుకొందురు. 2023-24లో ఆ జట్టే 22 ఆటలాడి ఒక్కటి మాత్రమే గెలిచి, 16 ఓడి, మరల అట్టడుగునకు దిగినది. 2024లో చేతులు మారినది. 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యను పేరు దాల్చినది.

ఇంత శీఘ్రముగా నింత పతనమెట్లు కలిగెను? కారణము చిట్టాలో నున్నది. ఆ సంవత్సరములలో లీగు నియమము ప్రకారము ఏ సంఘమును తన ఆటగాండ్ర జీతములకై ఏటికి 16.5 కోట్ల రూపాయలకు మించి ఒప్పుకొనరాదు. నియమము పెట్టినవారి ఉద్దేశము మంచిదే. ధనవంతుని జట్టు బీదజట్టును మ్రింగివేయకుండ నది అడ్డు. కాని యీ నియమము ఎంతవఱకు మాట ఈయవచ్చునో చెప్పునే గాని, ఇచ్చిన మాటకు సొమ్మెక్కడిదని అడుగదు. హైదరాబాదు జట్టును కూల్చినది పరిమితిని మీఱుట గాదు. ఒప్పుకొన్న జీతము ఆటగాండ్రకు ముట్టకపోవుట. బకాయిల కారణమున క్రొత్తవారిని చేర్చుకొనరాదని ఫీఫా నిషేధము విధించెను. ఉన్నవారు ఒక్కరొక్కరే వెడలిపోయిరి. మిగిలిన ఆటలను చాలవఱకు యువకులతో నెట్టుకొని రావలసి వచ్చెను.

ఈ లెక్కలన్నియు నడచునది ఆటలు లేని నెలలలో. సాధారణముగా మే నెలాఖరుతో ఒడంబడికలు ముగియును. మరల ఆటలు మొదలగువఱకు గల మూడు నాలుగు నెలలే నిర్వాహకుని అసలైన పరీక్షాకాలము. ప్రేక్షకుడు గోలులను లెక్కించును. నిర్వాహకుడు ఎవనికి ఎన్నేండ్లు, ఎంత, అని లెక్కించును. 2021లో హైదరాబాదువారు లిస్టన్ కొలాసో యను యువకుని రుసుము పుచ్చుకొని మోహన్ బగానుకిచ్చిరి. ఆ వేసవిలోనే నైజీరియా దేశస్థుడగు ఒగ్బెచెను చేర్చుకొనిరి. అతడు ఆ యేట 18 గోలులు చేసి లీగులో అందఱకు ముందు నిలిచెను. మెచ్చదగిన బేరము. కాని గెలుపుతో చిక్కు మొదలగును. గెలిచిన ప్రతి యాటగాని వెల పెరుగును, పరిమితి మాత్రము పెరుగదు. గోలులు చేయువానిని ఉంచుకొనవలెనన్న వెనుక కాపుండు కుఱ్ఱవానిని వదలుకొనవలెను. 2022లో ఆశిష్ రాయ్, 2023లో ఆకాశ్ మిశ్రా వెడలిరి; ఆ వేసవిలోనే శిక్షకుడు మార్కెజ్ గోవా చేరెను, ఒగ్బెచెయు పోయెను.

ఇచట పాఠకుడొక భేదము గమనింపవలెను. పరిమితి లెక్క వేఱు, పెట్టె లెక్క వేఱు. ఆటగాని నమ్మగా వచ్చిన రుసుము పరిమితిని పెంచదు, పెట్టెను నింపును. ఆ పెట్టె నిండుట కొఱకు ఏటేట యువకుల నమ్ముట విత్తనపు గింజలమ్మి పండుగ చేసికొనుట వంటిది. పెట్టె వట్టిపోయి, పరిమితిలో ఇంక చోటున్నదని మాట ఇచ్చుచు పోవుట అంతకన్న ప్రమాదకరము. మన నియమము దీని నేమాత్రము పట్టించుకొనదు.

అమెరికావారి పద్ధతి చూడుడు. వారి ఫుట్‌బాలు పేరునకు ఫుట్‌బాలే గాని కాలితో తన్నుట తక్కువ, అది యట్లుండనిండు. అచటి జాతీయ లీగులో 1994 నుండి పరిమితి కలదు. 2025లో అది జట్టొక్కటికి 27.92 కోట్ల డాలర్లు. ఆ అంకె గాలిలోనుండి దిగినది గాదు. లీగు రాబడిలో ఆటగాండ్రకు రావలసిన భాగమును వారి సంఘముతో ఒడంబడిక చేసికొని, దానినుండి లెక్కగట్టినది. అనగా పరిమితికి వెనుక రొక్కమున్నది. మఱియు పైకప్పుతోపాటు నేలయు నున్నది: జట్లు కొన్ని సంవత్సరముల సగటున పరిమితిలో నూటికి 90 పాళ్లు జీతములపై వ్యయపఱచి తీరవలెను. అచటను మాయలు లేకపోలేదు. చేర్చుకొనునపు డిచ్చు ధనమును ఐదేండ్లవఱకు పంచి వ్రాసికొనవచ్చును. ఆటగాడు నడుమ వెడలినచో మిగిలిన భాగము ఆడనివాని పేర పరిమితిని తినుచుండును. దానిని వారు చచ్చిన డబ్బందురు. ఐనను ఆటగానికి జీతము ముట్టునా యను భయము వారికి లేదు.

స్పెయినువారిది వేఱొక మార్గము. అచట అన్ని సంఘములకు ఒకే పరిమితి లేదు. ఎవరి రాబడిని బట్టి వారిది. 2021 ఆగష్టులో బార్సిలోనావంటి మహాసంఘము, మెస్సీ యుండగోరియు, అతని పేరు నమోదు చేయలేక వదలుకొన్నది. లోకమంతయు నాశ్చర్యపడెను. కాని నియమము సడలలేదు. ఐరోపా సంఘము సైతము తన పోటీలలో పాల్గొను జట్లు రాబడిలో నూటికి 70 పాళ్లకు మించి జట్టుపై వ్యయము చేయరాదని 2025-26 నుండి విధించినది.

మనకు మాత్రము పైకప్పు కలదు, నేల లేదు, గోడలు లేవు. 2025 వేసవిలో లీగు భవిష్యత్తే తేలక, బెంగుళూరు సంఘము తన ప్రధాన జట్టు ఆటగాండ్ర జీతములను నిలిపివేయుచున్నట్లు ఆగష్టులో ప్రకటించెను. కావున ఇది హైదరాబాదు ఒక్కదాని కథ గాదు.

ఈ నగరము ఫుట్‌బాలునకు క్రొత్తది గాదు. సయ్యద్ అబ్దుల్ రహీము తీర్చిన నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పు గెలిచినది. ఆయన శిక్షణలోనే భారతదేశము 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానము, 1962లో జకార్తాలో స్వర్ణము పొందెను. ఆ పోలీసు ఆటగాండ్ర జీతము స్వల్పము. కాని సర్కారు జీతము గనుక నెల తిరిగిన చేతికి వచ్చెడిది. ఆ కాలమునకు మరలుదమని మేమనుట లేదు. బంతియాట నేడు వృత్తి యైనది, కావలసినదే. వృత్తియైనప్పుడు కూలి ముట్టవలెను గదా!

మా సూచన యిది. పరిమితి యుండనిండు. దానితోపాటు ఆటలు మొదలగుటకు ముందే ప్రతి సంఘమును ఆఱు నెలల జీతములకు సరిపడు సొమ్ము బ్యాంకులో పూచీగా నుంచవలెను. బకాయి పడిన నెల దానినుండియే చెల్లింపు జరుగవలెను; అందును చిన్న జీతములవారికి, బంతు లందిచ్చు పనివారికి, గడ్డి కోయువారికి ముందుగా. ఒక్కొక్క సంఘము రాబడి ననుసరించి దాని పరిమితిని తగ్గించు అధికారము లీగునకు ఉండవలెను.

ఇట్లయిన యజమానులు పాఱిపోదురని కొందఱందురు. వారు నష్టములలో నున్న మాట మేము కాదనము; టిక్కెట్ల రాబడి స్వల్పము, పెట్టుబడి అధికము. ఐనచో పది కోట్ల జట్టు గట్టి పది కోట్లును చెల్లించుటలో నగుబాటేమి? పదునాఱు కోట్ల పత్రములు వ్రాసి, చెల్లింపు వచ్చు వేసవికి వాయిదా వేయువానికన్న అట్టివాని జట్టు ఓడినను మా కిష్టమే. అప్పుచేసి పప్పుకూడు తిన్న జట్టు విందును చూచి చప్పట్లు కొట్టిన వారిలో మేమును ఉంటిమి. ఆ తప్పు మాకును కొంత చెందును.

రేపు మఱియొక యజమాని గచ్చిబౌలికి వచ్చి క్రొత్త రంగు చొక్కాలు పంచవచ్చును. నగరవాసులు, పత్రికలు, రాష్ట్ర క్రీడాశాఖవారు ప్రాంగణపు తాళములు చేతికిచ్చుటకు ముందు, ఆఱు నెలల జీతము ఏ బ్యాంకులో నున్నదో చూపుమని అతని నడుగవలెను.