పరాయి మైదానం, పరాయి జుబాన్

2025 జూన్‌లో ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ లివర్‌పూల్ వదిలి రియల్ మాడ్రిడ్‌లో చేరాడు. క్లబ్ అతన్ని అందరికీ పరిచయం చేసిన రోజు మైకు ముందు నిలబడి స్పానిష్‌లో మాట్లాడాడు. ఇంగ్లాండ్‌లో అది పెద్ద ఖబర్ అయిపోయింది. మనవాడు స్పానిష్ మాట్లాడాడట! వీడియోలు తిరిగాయి, తారీఫులు వచ్చాయి.

నాకూ ఖుషీ అయింది. వెంటనే ఒక సవాల్ కూడా వచ్చింది. స్పెయిన్ నుంచో బ్రెజిల్ నుంచో ఒక పిల్లాడు ఇంగ్లాండ్ వెళ్లి ఇంగ్లిష్ మాట్లాడితే అది ఖబర్ అవుతుందా? కాదు. మాట్లాడకపోతేనే ఖబర్. ఈ ఫరక్ గురించే ఇవాళ రాస్తున్నాను. పైకి ఫుట్‌బాల్ ముచ్చటే అయినా, మన ఇళ్లలోని పిల్లలకు కూడా దీనితో తాల్లుఖ్ ఉంది.

ముందు కొంచెం తారీఖ్. ఇంగ్లాండ్ పిల్లలు బయటి దేశాల్లో ఆడటం ఒకప్పుడు అరుదు. ప్రీమియర్ లీగ్‌లో డబ్బు ఉంది, ఇల్లు దగ్గర, అమ్మ చేతి వంట దగ్గర. కానీ ఆ డబ్బుతోనే క్లబ్బులు దునియా నలుమూలల నుంచి తయారైన ఆటగాళ్లను కొనుక్కొస్తుంటే, 17 ఏళ్ల లోకల్ కుర్రాడికి మైదానంలో చోటు దొరకడం ముష్కిల్ అయింది. 2017లో జేడన్ సాంచో మాంచెస్టర్ సిటీ వదిలి జర్మనీలోని బొరుస్సియా డోర్ట్‌మండ్‌కు వెళ్లాడు. అప్పటికి వయసు 17. 2018-19 సీజన్‌లో 14 గోల్స్‌కు పాస్ ఇచ్చి ఆ లెక్కలో బుండెస్‌లీగాలో అవ్వల్ నిలిచాడు. 2020లో జూడ్ బెల్లింగ్‌హామ్ బర్మింగ్‌హామ్ నుంచి అదే డోర్ట్‌మండ్‌కు వెళ్లాడు. అతని వయసూ 17. అమ్మ అతనితో పాటు జర్మనీ వెళ్లింది, అబ్బా చిన్న కొడుకుతో ఇంగ్లాండ్‌లోనే ఉన్నాడు. ఒక ఇల్లు రెండు దేశాల మధ్య పంచుకోవడం అంటే ఏమిటో గల్ఫ్ ఎరిగిన మన ఖాందాన్లకు నేను చెప్పాలా?

ఆ దర్వాజా తరువాత సగం మూసుకుంది. 16 నుంచి 18 ఏళ్ల లోపు ఆటగాళ్లు యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య క్లబ్ మారేందుకు ఫీఫా నియమాల్లో ప్రత్యేక ఇజాజత్ ఉంది. బ్రెగ్జిట్‌తో 2021 జనవరి నుంచి బ్రిటన్ ఆ ఇజాజత్ పోగొట్టుకుంది. ఇప్పుడు మామూలుగా 18 నిండేదాకా ఆగాల్సిందే. బెల్లింగ్‌హామ్ ఆఖరి నెలల్లో దాటుకున్నవాడు.

ఇక జుబాన్ సంగతి. ఇంగ్లాండ్‌లో 2004 నుంచి 14 ఏళ్లు దాటిన స్కూలు పిల్లలకు విదేశీ భాష లాజిమీ కాదు, ఇష్టమైతే చదువుకోవచ్చు. అప్పటిదాకా ఎక్కువ మంది ఫ్రెంచో జర్మనో చదివేవారు. కొన్నేళ్లకే జీసీఎస్ఈలో భాష తీసుకునేవాళ్లు సగానికి తక్కువైపోయారు. పైసలున్న ప్రైవేటు స్కూళ్లలో ఆ తాలీమ్ ఆగలేదు. ఆగింది మామూలు ఇళ్ల పిల్లలకు. ఫుట్‌బాల్ అకాడమీలకు వచ్చేది ఎక్కువగా ఆ మామూలు ఇళ్ల పిల్లలే. అందుకే, అక్కడి కుర్రాడు మాడ్రిడ్ వెళ్లి నోరు మెదపలేకపోతే నేను ముందు ఆ కుర్రాడిని అనను. దునియా అంతా మన జుబాన్ నేర్చుకుంటుంది, మనకేం జరూరత్ అని చెప్పిన పెద్దలను అంటాను. అది తకబ్బుర్. దాని ఖర్చు పిల్లల ఖాతాలో పడుతోంది.

ఇదే ముల్క్ బయటినుంచి వచ్చినవాళ్లను ఎలా చూస్తుందో చూడండి. అర్జెంటీనా ఆటగాడు కార్లోస్ తెవెజ్ 2006 నుంచి 2013 దాకా ఇంగ్లాండ్‌లో ఆడాడు, గోల్స్ కొట్టాడు, లీగ్ గెలిచాడు. ఇన్నేళ్లున్నా ఇంగ్లిష్ రాదే అన్న తానా మాత్రం తప్పలేదు. పొచెట్టీనో 2013లో సౌతాంప్టన్ కోచ్‌గా వచ్చినప్పుడు తర్జుమా చేసేవాడిని పక్కన పెట్టుకుని పత్రికలతో మాట్లాడితే దాని మీదా చర్చే.

ఫుట్‌బాల్ బయటికొస్తే మామలా ఇంకా తీవ్రం. 2010 నవంబర్ నుంచి భర్త దగ్గరికో భార్య దగ్గరికో బ్రిటన్ వెళ్లాలంటే వీసాకు ముందే ఇంగ్లిష్ పరీక్ష పెట్టారు. మన ఉపఖండం నుంచి వెళ్లే పెళ్లికూతుళ్ల మీద ఆ బరువు ఎంత పడిందో చెప్పక్కర్లేదు. 2016 జనవరిలో ప్రధాని డేవిడ్ కామెరాన్, బ్రిటన్‌లోని ముస్లిం ఔరతుల్లో 22 శాతం మందికి ఇంగ్లిష్ అంతంతమాత్రమే అని చెప్పి, క్లాసుల కోసం 2 కోట్ల పౌండ్లు ప్రకటించాడు. నేర్చుకోనివాళ్ల ఇఖామాకు ముప్పు ఉండొచ్చన్న ఇషారా కూడా చేశాడు. అంతకు ముందు ఏళ్లలో వలస వచ్చినవాళ్లకు ఇంగ్లిష్ నేర్పే క్లాసుల నిధులు కోసింది అదే హుకూమత్.

ఉంటున్న దేశపు భాష నేర్చుకోవాలనడంలో తప్పు లేదు. నేను సౌసారి ఒప్పుకుంటాను. కానీ ఉసూల్ అందరికీ ఒకటే ఉండాలి. బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక అమ్మీకి ఇంగ్లిష్ రాకపోతే అది సమాజంలో కలవకపోవడం, కోట్లు సంపాదించే ఆటగాడికి మాడ్రిడ్‌లో స్పానిష్ రాకపోతే అది మొహమాటం. ఇదేం ఇన్సాఫ్? ఇంకో సంగతి. ఆ అమ్మీ ఇంట్లో ఉర్దూ, పంజాబీ మాట్లాడుతూ పెరిగిన పిల్లలకు రెండు జుబాన్లు ముఫ్త్‌గా వచ్చాయి. ఉర్దూలో జీసీఎస్ఈ పరీక్ష కూడా ఉంది. అయినా భాషలు వచ్చిన పిల్లలు అంటే ఫ్రెంచ్ వచ్చినవాళ్లే గుర్తొస్తారు గానీ వీళ్లు గుర్తురారు.

కొందరు దోస్తులు అంటారు: "భాయ్, బంతికి జుబాన్ ఎక్కడుంది? గారెత్ బేల్‌ను చూడు." నిజమే. బేల్ వేల్స్ వాడు, 2013లో రియల్ మాడ్రిడ్‌లో చేరి 5 ఛాంపియన్స్ లీగ్ కప్పులు గెలిచాడు. 2018 ఫైనల్లో గాల్లో వెనక్కి వాలి కొట్టిన గోల్ ఇప్పటికీ కళ్ల ముందుంటుంది. కానీ స్పానిష్ మాట్లాడడన్న షికాయత్ అక్కడ ఉన్నన్నాళ్లూ వెంటాడింది. గెలిచిన రోజు ఎవరూ అడగరు. గాయపడి బెంచీ మీద కూర్చున్న రోజు, సొంత స్టేడియమే ఈలలు వేసిన రోజు, నీ మాట నువ్వు చెప్పుకోలేకపోతే నీ తరఫున పత్రికలే చెప్తాయి.

బెల్లింగ్‌హామ్‌కు 2025 ఫిబ్రవరిలో ఒసాసునా మ్యాచ్‌లో జరిగింది కూడా అదే తరహా. కోపంలో ఇంగ్లిష్‌లో ఒక మాట అన్నాడు. రిఫరీ అది తనను తిట్టినట్టే అని రెడ్ కార్డ్ చూపాడు. తిట్టింది రిఫరీని కాదు, తనలో తాను అనుకున్న మాట అని కుర్రాడు, రిఫరీకి ఇంగ్లిష్ సరిగా అర్థం కాలేదని కోచ్ అన్సెలోటీ. అయినా 2 మ్యాచ్‌ల నిషేధం తప్పలేదు. ఇంగ్లిష్ అంతటా చెల్లుతుందనేవాళ్లు ఈ కిస్సా యాద్ ఉంచుకోవాలి.

వేరే తరహా వాళ్లూ ఉన్నారు. గారీ లినేకర్ 1986లో బార్సిలోనా వెళ్లి స్పానిష్ నేర్చుకున్నాడు. ఫికాయో తోమోరి 2021లో చెల్సీ నుంచి మిలాన్ వెళ్లి ఇటాలియన్ నేర్చుకుని ఆ భాషలోనే ఇంటర్వ్యూలు ఇస్తున్నాడు. జమాల్ ముసియాలా జర్మనీలో పుట్టి, ఏడేళ్ల వయసులో ఇంగ్లాండ్ వెళ్లి, 16 ఏళ్లకు చెల్సీ అకాడమీ నుంచి బాయర్న్ మ్యూనిక్‌కు తిరిగొచ్చాడు. రెండు జుబాన్లూ తనవే. ఏ దేశానికి ఆడాలన్న ఫైసలా చేసుకునే రోజు వచ్చినప్పుడు అతని ముందు రెండు దర్వాజాలూ తెరిచి ఉన్నాయి. వీళ్లెవరూ ఆలిములు కాదు. రోజూ కొంత మెహనత్ చేశారు, తప్పులు మాట్లాడటానికి షరమ్ పడలేదు. అంతే.

మన హైదరాబాద్‌కూ ఈ దారి కొత్త కాదు. మొహమ్మద్ హబీబ్ 1966లో, సాంచో, బెల్లింగ్‌హామ్‌ల వయసులోనే, కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. తరువాత మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్‌లకూ ఆడాడు. 1977లో పెలే వచ్చిన కాస్మోస్ టీమ్ మీద ఈడెన్ గార్డెన్స్‌లో గోల్ కొట్టాడు. పరాయి నగరం అతన్ని బడే మియా అని పిలుచుకుంది. 2023 ఆగస్టు 15న ఆయన ఇంతిఖాల్ అయినప్పుడు కలకత్తా కూడా తన సొంత మనిషి పోయినట్టే బాధపడింది.

మన ఇళ్లలో ఇవాళ బంతి లేకపోయినా సఫర్ ఉంది. ఎవరో ఒకరి అబ్బాయి జర్మనీలో ఎంఎస్ అంటున్నాడు, ఎవరో ఒకరి బేటీ నర్సింగ్ చేసి బయటికి వెళ్తానంటోంది. జీతం ఎంత, కిరాయి ఎంత, హలాల్ గోష్ దొరుకుతుందా అని అన్నీ అడుగుతాం. క్లాసులు ఇంగ్లిష్‌లోనే కదా అని జుబాన్ సంగతి వదిలేస్తాం. క్లాసు ఇంగ్లిష్‌లో ఉంటుంది గానీ ఇంటి ఓనరు, దవాఖానా కౌంటరు, పక్కింటి బుజుర్గ్ జర్మన్‌లోనే ఉంటారు. సామాను సర్దడానికి ఆరు నెలల ముందే భాష క్లాసులో చేర్పించండి. ఫీజు ఉంటుంది, నిజమే. విమానం టికెట్‌తో పాటు దాన్నీ లెక్కలో రాసుకోండి.

దాంతో పాటు ఇంకోటి. ఇంట్లో ఉర్దూ మాట్లాడితే వెనకబడినట్టూ, తెలుగు రాయడం వస్తే అది మనది కానట్టూ చూసే అలవాటు మనలో కొందరికి ఉంది. ఇంగ్లాండ్‌ది తన ఒక్క భాష చాలన్న ఘమండ్ అయితే, మనది చేతిలో ఉన్న రెండింటినీ వదిలేసి మూడోదాని కోసం పరిగెత్తడం. మూడోది తప్పక నేర్పండి. కానీ ఆ పిల్లాడు దాదీకి ఉర్దూలో ఉత్తరం రాయగలగాలి, తెలుగులో అర్జీ రాసుకోగలగాలి. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లాడికి నాలుగోది మొదలుపెట్టడానికి భయం ఉండదు.