తుపాకి లైసెన్సు మనకెందుకివ్వరు?

పల్లెల్లో కుర్రాళ్ళు ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. "అన్నా, మన రక్షణకి మనమే ఒక రైఫిల్ కొనుక్కుంటే ఏం? తలా కాస్త వేసుకుంటాం, ఉన్న డబ్బులో ఏది కొనమంటావు?" అని. సినిమాల్లో చూసిందీ ఫోనుల్లో చూసిందీ కలిసి వాళ్ళ బుర్రలో ఉన్నది సెమీ ఆటోమేటిక్ రైఫిల్. మీట నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పోతుంది, తర్వాతి తూటా దానంతటదే గొట్టంలోకి ఎక్కుతుంది. మన పోలీసుల భుజాన ఏళ్ళ తరబడి వేలాడిన ఎస్సెల్లార్ ఆ జాతిదే.

ఈ ప్రశ్నని నవ్వి తోసెయ్యకూడదు. "హింస వద్దు నాయనా" అని నీతులు చెప్పే పెద్దమనుషులు ముందు తమ ఇంటి గోడకి తగిలించిన తుపాకి సంగతి చెప్పాలి. కుర్రాళ్ళకి ఈ ఆలోచన ఊరికే రాలేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి, గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. బీహారులో లక్ష్మణ్‌పూర్ బాథెలో 1997 డిసెంబరు 1 రాత్రి రణవీర్ సేన 58 మందిని కాల్చి చంపితే, 2013లో అక్కడి హైకోర్టూ అదే పని చేసింది. ఇవన్నీ చూసిన పిల్లలు తుపాకి గురించి అడక్క ఇంకేం అడుగుతారు?

అసలు మన చేతికి ఆయుధం లేకుండా చేసిందెవరు? ఈ దేశంలో కింది కులాలు ఎందుకు తిరగబడలేదో 1936లోనే 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ చెప్పాడు. వర్ణ వ్యవస్థ వాళ్ళకి ఆయుధం పట్టే హక్కే లేకుండా చేసిందన్నాడు. 1818లో కోరేగావ్‌లో తుపాకి పట్టి పోరాడిన మహర్లని కూడా ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి తెల్లదొరలు సైన్యంలో చేర్చుకోవటం మానేశారు. 1878 ఆయుధాల చట్టం ఇంకో అడుగు వేసింది. తెల్లవాడికి లైసెన్సు అక్కర్లేదు, నల్లవాడికి కావాలి. తెల్లవాడు పోయాక ఆ లైసెన్సు కాగితాలు ఎవరి ఇళ్ళకి చేరాయో ప్రతి ఊళ్ళోనూ తెలుసు. మునసబు, కరణం, మోతుబరి, సారా కాంట్రాక్టరు.

ఇప్పుడు కుర్రాళ్ళ ప్రశ్నకే వద్దాం. ఏది కొనాలి?

సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఆశ వదులుకోండి. 2016 ఆయుధాల నిబంధనల షెడ్యూలులో దాన్ని మామూలు లైసెన్సుకి అందని ఆయుధాల వరసలో పెట్టారు. పోలీసు, మిలిటరీ వాడే .303, 7.62 తూటా పట్టే రైఫిల్ అయితే, బోల్టు లాగి పేల్చేది కూడా అందులోకే వస్తుంది. అది కలెక్టరు చేతిలో లేదు, ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తేనే. నిషిద్ధ ఆయుధంగా లెక్కకొచ్చేది లైసెన్సు లేకుండా దొరికితే 2019 సవరణ తర్వాత ఏడేళ్ళకి తగ్గని జైలు, పద్నాలుగేళ్ళ దాకా. మీకు దాన్ని చవగ్గా ఇప్పిస్తానని ఎవడన్నా వస్తే వాడు మీ మిత్రుడు కాడు, వాడి వెనక ఎవరున్నారో చూసుకోండి.

మామూలు లైసెన్సు మీద దొరికే రైఫిల్ .315. మన ఆర్డినెన్సు ఫ్యాక్టరీలు చేసేది, ఒక్కో గుండుకీ బోల్టు లాగాలి. దూరం కొడుతుంది, ధరా ఎక్కువే, తూటాలూ ఖరీదే. మూడు సందుల పల్లెలో, మట్టిగోడల మధ్య అంత దూరం పోయే గుండు ఎందుకు? గోడ దాటి అవతలింటి పసిపిల్లకి తగిలితే ఏం సమాధానం చెప్తాం?

నా మాట అడిగితే, తక్కువ డబ్బులో మన అవసరానికి సరిపోయేది 12 బోరు తుపాకి. లోపల గాళ్ళు లేని నున్నటి గొట్టం, ఒంటి గొట్టమో జోడు గొట్టమో. ఇరవై అంగుళాలకి తగ్గని గొట్టం ఉండాలి. చెడిపోయేందుకు అందులో పెద్దగా ఏమీ లేదు. పొలం మీద పడే అడవిపందికీ అదే పనికొస్తుంది. జోడు గొట్టం కోసం అప్పు చెయ్యొద్దు, ఒంటి గొట్టం చాలు.

చవక కాబట్టే దీన్ని చెప్పటం లేదు. చట్టంలో దీనికున్న బలం రైఫిల్‌కి లేదు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షను చూడండి. రక్షణ కోసం నున్నటి గొట్టం తుపాకి అడిగిన పౌరుడికి లైసెన్సు "ఇవ్వాలి" అని రాసుంది. పంట కాపలాకి మందు కూరే తుపాకి అడిగినా అంతే. రైఫిల్ అయితే అట్టా కాదు, తగిన కారణం ఉందని ఆఫీసరు ఒప్పుకుంటేనే. నున్నటి గొట్టానికి కాదనాలంటే ఆఫీసరే కారణం వెతుక్కోవాలి, 14వ సెక్షను కింద చూపించాలి.

ఆ 14వ సెక్షనులోనే ఇంకో మాట ఉంది. మన పల్లెల్లో ప్రతి గోడ మీదా రాయాల్సిన మాట. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదు. 14వ సెక్షను, రెండో ఉపసెక్షను. సెంటు భూమి లేని కూలీ కూడా అడగొచ్చు. "నీకేముందిరా కాపాడుకోటానికి?" అని ఆఫీసులో గుమాస్తా అడిగితే ఆ సెక్షను చూపించండి. నా ప్రాణం ఉంది, నా పెళ్ళాం బిడ్డలున్నారు అని చెప్పండి.

మరి చట్టం ఇంత బాగుంటే మనవాళ్ళ దగ్గర లైసెన్సులేవీ? కాగితం మీద హక్కు రాసినా, సంతకం పెట్టే చెయ్యి వేరే వాళ్ళది కాబట్టి. ఇది మన దేశం సంగతొక్కటే కాదు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ ఎవర్ని చూసి పేరు పెట్టుకున్నారో ఆ అమెరికా నల్లవాళ్ళనే తీసుకోండి. 1956 జనవరిలో మాంట్‌గొమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. అహింసకి పేరు పడ్డ ఆ మనిషే తుపాకి దగ్గరుంచుకోటానికి పర్మిటు అడిగాడు. ఇవ్వలేదు. ఇల్లు పేలిన మనిషికి ప్రాణభయం ఉందని అక్కడి అధికారులకి అనిపించలేదు.

పర్మిటు అవసరం లేని చోట కథ ఇంకోలా నడిచింది. 1964లో లూసియానాలో జోన్స్‌బొరో అనే ఊళ్ళో నల్ల కార్మికులు, అందులో చాలామంది యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలు, డీకన్స్ ఫర్ డిఫెన్స్ అని సంఘం పెట్టి తమ పేటకి రాత్రి కాపలా కాశారు. వాళ్ళ చేతుల్లో ఎం-1 కార్బైన్లు కనిపించేవి. అది సెమీ ఆటోమేటిక్కే. రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన సరుకు, 1963లో అక్కడి రైఫిల్ సంఘం సభ్యులకి 20 డాలర్లకే అమ్మారు. మన కుర్రాళ్ళు అడుగుతున్న చవక రైఫిల్ అక్కడ నిజంగానే ఉండేది. కానీ గమనించండి, కాపలా కాసింది సంఘం. ఎవడింట్లో వాడు తుపాకి పెట్టుకుని తలుపేసుకోలేదు. తర్వాత ఓక్లండ్‌లో బ్లాక్ పాంథర్స్ మావో ఎర్ర పుస్తకాలు కాలేజీ పిల్లలకి అమ్మి, ఆ డబ్బుతో షాట్‌గన్లు కొన్నారు. అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం వాటిని పైకి కనపడేట్టు పట్టుకుని తిరగటం నేరం కాదు. వాళ్ళు తిరిగారు. 1967లో చట్టమే మార్చేశారు. సంతకం పెట్టిన గవర్నరు రీగన్. తెల్లవాడు పట్టుకు తిరిగినన్నాళ్ళూ రాని భయం అప్పుడొచ్చింది.

మన దగ్గర చట్టం మార్చక్కర్లేదు, రాసిపెట్టి ఊరుకున్నారు. 1989 అత్యాచార నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నిబంధనల్లో మూడో నిబంధన చదవండి. దాడులు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాల్ని రాష్ట్ర ప్రభుత్వం గుర్తించాలి. అక్కడ అవసరమైతే ఎస్సీ ఎస్టీలు కాని వాళ్ళ తుపాకి లైసెన్సులు రద్దు చెయ్యాలి. వాళ్ళవే కాదు, దగ్గరి బంధువులవీ, పనివాళ్ళవీ, కుటుంబ స్నేహితులవీ. ఆ ఆయుధాలు ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అక్రమ తుపాకుల్ని పట్టుకోవాలి. ఆ తర్వాత వాక్యం, ప్రాణానికీ ఆస్తికీ రక్షణ కోసం అవసరమైతే ఎస్సీ ఎస్టీలకి ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

ఈ వరస ఎవరు రాశారో గానీ బుర్రతో రాశారు. ముందు వాళ్ళ తుపాకి దిగాలి, తర్వాతే మన చేతికి రావాలి. మనవాళ్ళు చాలామంది రెండో మాట పట్టుకుని మొదటిది వదిలేస్తున్నారు. ఊళ్ళో పది లైసెన్సు తుపాకులుండగా పల్లెకి ఒకటి వచ్చిందనుకోండి. ఏం మారుతుంది? పది దింపితే పైసా ఖర్చు లేకుండా మనకి దక్కే రక్షణ, ఒకటి కొని మనం పొందగలమా? అందుకే నేను చెప్పేది, లైసెన్సు దరఖాస్తు పెట్టిన రోజే రద్దు దరఖాస్తు కూడా పెట్టాలి. రెండు కాగితాలూ ఒక్క చేత్తో ఇవ్వాలి. "అవసరమైతే" అన్న మాట దగ్గర ప్రభుత్వం జారుకుంటుంది, తెలుసు. అవసరం ఉందని చూపించే పని మనది. పెట్టిన కేసులు, బెదిరింపులు, సాంఘిక బహిష్కరణ, కొట్టిన తేదీలు, అన్నీ ఊరి వారీగా రాసిపెట్టుకోవాలి.

కొందరు మిత్రులు అంటారు, ఇదంతా ఎందుకు, నాటు తుపాకి చవగ్గా దొరుకుతుంది గదా అని. దొరుకుతుంది. మొదటిసారి పేల్చినప్పుడు గొట్టం పగిలితే వేళ్ళు పోతాయి. పోలీసుకి దొరికితే కనీసం రెండేళ్ళు, ఐదేళ్ళ దాకా శిక్ష. అదీ కాక, మన మీద దాడి జరిగిన కేసు పక్కకి పోయి మన మీద ఆయుధాల కేసు ముందుకొస్తుంది. పల్లె మొత్తాన్ని అన్నల మనుషులని ముద్ర వేస్తారు. ఎదుటివాడికి ఇంతకంటే కావలసిందేముంది?

లైసెన్సు తుపాకి వచ్చినంత మాత్రాన కష్టాలు తీరతాయని కూడా అనుకోవద్దు. కారంచేడులో వాడినవి గొడ్డళ్ళు, బరిసెలు, కర్రలు. చుండూరులో పోలీసులొచ్చి పారిపొమ్మన్నారు, పొలాల్లోకి పరిగెత్తిన వాళ్ళని అక్కడ కాపు వేసి చంపారు. వందలాది మంది ఒక్కసారి మీద పడ్డప్పుడు ఒంటి గొట్టం తుపాకి ఎంతసేపు నిలబడుతుంది? ఆ ఊళ్ళో తుపాకి పేలిందీ ఉంది. సెప్టెంబరులో పోలీసులు పేల్చారు, మన కుర్రాడే పోయాడు.

ఇంకా ఉన్నాయి. పగలు మగవాళ్ళు కూలికి పోతే ఇంట్లో ఉండేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. బీరువాలో తాళం వేసిన తుపాకి తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? వాడకం ఎవరికి నేర్పుతాం? తాగొచ్చిన మొగుడి చేతికి అది అందితే? ఈ ప్రశ్నలు మన ఆడవాళ్ళని కూర్చోబెట్టి అడక్కుండా ఏ ఇంటికీ తుపాకి తేవొద్దు. వాళ్ళు వద్దంటే వద్దు. ఎలక్షన్లొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో పెట్టమంటారు, ఎప్పుడు గొడవలెక్కువో అప్పుడే మన చేతిలో ఉండదు. పేల్చాల్సి వస్తే ఆత్మరక్షణ హక్కు కొత్త న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. కానీ 37వ సెక్షను అడ్డం పెట్టింది. పోలీసు రక్షణ కోరే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు, అవసరానికి మించి హాని చెయ్యకూడదు. పెద్దకులం వాడు పేలిస్తే భయపడి పేల్చాడంటారు. మనవాడు పేలిస్తే ఆ సెక్షను ప్రతి అక్షరం కొలుస్తారు.

అందుకని, దరఖాస్తులు చాలా పెట్టాలి, తుపాకులు కొద్దిగా కొనాలి. ఒక్కో పల్లె నుంచి ఇరవై మంది, ముప్ఫై మంది ఒకేరోజు పోవాలి, ఆడవాళ్ళు కూడా. లైసెన్సిచ్చే అధికారి కలెక్టరు, కమిషనరేట్లున్న చోట పోలీసు కమిషనరు. అంతమందికి ప్రాణభయం ఉందని లిఖితంగా అందాక, రేపు దాడి జరిగితే "మాకు తెలియదు" అనటానికి వీల్లేదు. తెలిసీ విధి చెయ్యని అధికారి మీద అత్యాచార నిరోధక చట్టం 4వ సెక్షను ఉంది. నా లెక్కలో ఆ ముప్ఫై కాగితాల విలువ ఒక రైఫిల్ కంటే ఎక్కువ. లైసెన్సులొచ్చాక ఎన్ని కొనాలో, ఎవరింట్లో ఉంచాలో పల్లె కూర్చుని తేల్చుకోవాలి. అరెకరం అమ్మి కొంటానన్నవాణ్ణి మాత్రం ఆపండి.

దరఖాస్తులో పేరు, కులం, ఊరు, జరిగిన దాడులు తేదీలతో రాయండి. అడిగేది 12 బోరు అని స్పష్టంగా రాయండి. ఆయుధాల చట్టం 13, 14(2) సెక్షన్లు, 1995 నిబంధనల్లో మూడోది పేర్కొనండి. రద్దు చెయ్యాల్సిన లైసెన్సుదారుల పేర్లు విడిగా ఇంకో కాగితం మీద. ముద్ర వేసిన రసీదు తీసుకోకుండా ఆఫీసు గడప దిగొద్దు. కాదంటే కారణాలు రాసిమ్మని 14(3) కింద అడగండి, 18వ సెక్షను కింద అప్పీలుంది. కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్సు కమిటీ మూడు నెలలకోసారన్నా కూర్చోవాలి, ఎక్కడా సరిగ్గా కూర్చోదు. కూర్చున్న రోజు మన మనిషి ఎవరో ఒకరు ఆ రసీదుల కట్ట బల్ల మీద పెట్టాలి.