గేటు దాటాక ఇల్లేది?

మొగుడి దెబ్బలు తప్పించుకుని హోమ్‌లో తలదాచుకుని బయటికొచ్చిన మా వాడ అక్కతో కలిసి అద్దె ఇల్లు వెతికాను. "మీరేమిట్లు?" మాలోళ్లమని చెప్పగానే తలుపు పడింది. చెప్పనిచోట రెండో ప్రశ్న: "మీ ఆయనేం చేస్తాడు?" అక్కడా తలుపు పడింది.

సఖి కేంద్రంలో తాత్కాలిక వసతి 5 రోజులు. తర్వాత? తలుపు చప్పుడైతే అక్క ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. "మర్చిపో, ధైర్యంగా ఉండు" అంటారు. గడియ వేసుకోవడానికి సొంత తలుపే లేనిదానికి ధైర్యం ఎక్కడిది?

2005 గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద వేరే ఇంటి అద్దె భర్త చేత కట్టించమని మెజిస్ట్రేటు ఆదేశించవచ్చు. అద్దె ఇప్పించే చట్టముంది, ఇల్లిచ్చే ఓనరు లేడు. జబ్బు ఆమె మనసుకా, ఊరికా?

క్యాంపస్ మిత్రులారా, సెమినార్లలో ఆమె గాయం గురించి మాట్లాడింది చాలు. మీ వీధి టు-లెట్ బోర్డు దగ్గరికి ఆమెతో కలిసి రండి.